కుడివైపు మూడు బిళ్లలు

నాచారంలో బాలనర్సింహ డెంటింగ్ షెడ్డుకు బోర్డు లేదు. అక్కర్లేదని అతని ధీమా. కారు బాడీని విప్పి మళ్లీ ఛాసిస్ చట్రం మీద సరిగ్గా కూర్చోబెట్టాలంటే ఉప్పల్ నుంచి ఏఎస్ రావు నగర్ దాకా తన పేరే చెబుతారని అతనే అందరికీ చెబుతుండేవాడు. కాస్త కోతలు కోసే మనిషి. చేతిలో పని ఉంది కాబట్టి చెల్లిపోయింది.

అలాంటివాడు ఆ ఎండాకాలం లారీలోంచి దిగిన ఒక కారును చూసి చేతిలో సుత్తి కింద పెట్టేశాడు. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. టాపు లేని, రెండు సీట్ల పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. పచ్చరంగు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది, హెడ్‌లైటు ఒకటి లేదు. అయినా దాన్ని అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు.

"మా మామ మేజర్ సాబ్ బండి," అన్నాడు వెంట వచ్చిన మహిపాల్. బొద్దుగా, నవ్వుముఖంతో ఉన్నాడు. "ఆయన పోయి రెండేండ్లయింది. మా అత్తమ్మకు ఒక్కసారి దీంట్ల కూసొని సైనిక్‌పురి అంత తిరగాల్నని ఉంది. నేనే నడుపుత. జర మంచిగ జెయ్యాలె అన్న."

"జేస్త," అన్నాడు బాలనర్సింహ. ఇంకేమీ కోయలేదు.

ఇరవై ఐదేళ్ల కింద ఈ కారే ఇదే నాచారంలో కనకరాజు ఉస్తాద్ షెడ్డుకు వచ్చింది. అప్పటికి బాలనర్సింహ ఉస్తాద్ దగ్గర పని నేర్చుకోబట్టి పదేళ్లు. కనకరాజు నోటితో నేర్పే మనిషి కాదు. సుత్తి చేతికిచ్చి పక్కన నిలబడేవాడు. దెబ్బ తప్పితే సుత్తి తీసుకుని తనొకటి కొట్టి, మళ్లీ చేతికిచ్చేవాడు. తిట్టు లేదు, మెచ్చుకోలూ లేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పితే మాత్రం మొదటి ముద్ద శిష్యుడికే. ఆ రోజులు తలుచుకుంటే బాలనర్సింహకు ఇప్పటికీ కాలిన రేకు వాసనా, ఉల్లిగడ్డ వాసనా కలిసే వస్తాయి.

ఈ కారుకు బాడీ బిగించిన రోజున అతను వేరే బండికి రంగుడబ్బాల కోసం సికింద్రాబాద్ వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఉస్తాద్ ఇంటికి వెళ్లిపోయాడు, కారు ఖాళీగా నిలబడి ఉంది. డ్రైవర్ తలుపు చుట్టూ సందు చూస్తే ఒకచోట ఇరుకు, ఒకచోట వెడల్పు. కిందికి దూరి చూశాడు. బాడీకీ ఛాసిస్‌కూ మధ్య వేసే రబ్బరు బిళ్లలు ఎడమవైపు ఒకటి, కుడివైపు మూడు ఉన్నాయి. బాలనర్సింహకు నవ్వొచ్చింది. ఎదుటి చాయ్ హోటల్లో నలుగురు గిరాకులు కూర్చుని ఉంటే, వాళ్ల ముందే నోరు జారాడు.

"ఉస్తాద్‌కు కండ్లు మసకలైనయ్. ఇగ బండ్లు నాకియ్యున్రి."

అలాంటి మాట ఉస్తాద్ చెవిన పడకుండా ఉంటుందా? పడిందని రాత్రికే తెలిసింది. మర్నాడు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియక బాలనర్సింహ అసలు వెళ్లనే లేదు. నెల తిరిగేసరికి రెండు వీధుల అవతల సొంత షెడ్డు పెట్టాడు. గిరాకులు ఒక్కొక్కరే ఇటు మళ్లారు. కొన్నేళ్లకు ఉస్తాద్ షెడ్డు మూతపడింది, ఆ తర్వాత ఉస్తాదూ పోయాడు. పాడె వెనక అందరికన్నా చివర నడిచాడు బాలనర్సింహ. ఉస్తాద్ భార్య వెంకటనర్సమ్మకు ఎదురుపడే ధైర్యం లేక శ్మశానం గేటు దగ్గరే ఆగిపోయాడు. అప్పటినుంచీ తనకు తాను చెప్పుకునేది ఒకటే. తనన్నది అబద్ధం కాదు, ఉస్తాద్ చూపు నిజంగానే తగ్గింది. ఆ మాట నిజం కావాలి. కాకపోతే తను చేసినదాన్ని ఏమనాలో అతనికి తెలియదు.

ఇప్పుడా నిజం తేల్చే కారు తన షెడ్డులోనే ఉంది. చెయిన్ పుల్లీ కట్టి బాడీని పైకి లేపాడు. ఎడమ ఒకటి, కుడి మూడు. ఉస్తాద్ తన కత్తితో కోసిన అంచులు అలాగే ఉన్నాయి. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అయినా, నేనన్నదే నిజం కదా అనుకుని వాటిని పాత ఇనుము డబ్బాలో పడేశాడు.

ఛాసిస్ వంకరపోయిందేమోనని మూల నుంచి మూలకు దారం పట్టి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తుప్పు తిన్న రేకులు మార్చి, ఇంజనూ చక్రాలూ ఎక్కించి, రెండువైపులా సమానంగా కొత్త బిళ్లలు వేసి బాడీ దింపాడు. ఒక రేకుముక్కను రెండు తలుపుల చుట్టూ సందులో తిప్పి చూశాడు. ఎక్కడా ఇరకలేదు, ఎక్కడా ఊగలేదు. తలుపు టక్కున పడింది.

"ఇగ సూడు ఉస్తాద్," అన్నాడు పైకే. అన్నాక ఎందుకో మనసు చిన్నబోయింది.

ఆదివారం పొద్దున మేజర్ గారి భార్య ఛాయాదేవి వచ్చింది. డెబ్బై దాటిన సన్నటి మనిషి. కారు చుట్టూ ఒకసారి నడిచి, బానెట్ మీద చెయ్యి వేసి నిమిరి, కొంగుతో కళ్లు తుడుచుకుని ఎడమ సీట్లో కూర్చుంది. మహిపాల్ స్టీరింగ్ ముందు కూర్చుని తలుపు లాగాడు.

తలుపు పడలేదు. అంచు గీసుకుని ఆగింది. అతను దిగి మూస్తే టక్కున పడింది. మళ్లీ కూర్చుంటే మళ్లీ గీసుకుంది.

"నా బరువుకా ఏందన్నా?" అని నవ్వాడు మహిపాల్.

బాలనర్సింహకు నవ్వు రాలేదు. పైకప్పున్న బండ్లే చేసి చేసి, టాపు లేని బండి మనిషి బరువుకు నడుం దగ్గర కుంగుతుందన్న ఆలోచనే అతనికి రాలేదు.

"మీ మామదీ ఇదే ఒళ్లు," అంది ఛాయాదేవి మహిపాల్‌తో. "అప్పుడు ఈ బండి చేసిన పెద్దాయన మీ మామను ఇందులో కూర్చోబెట్టే బోల్టులు బిగించాడు. మధ్యాహ్నం దాకా దిగనివ్వలేదు. చాయ్ కూడా సీట్లోకే. ఖాళీ బండికి కాదు, నడిపే మనిషికి బిగియ్యాలె అనేవాడు."

బాలనర్సింహ పాత ఇనుము డబ్బా దగ్గరికి వెళ్లి చేతులు పెట్టి దేవులాడాడు. నాలుగు బిళ్లలూ దొరికాయి.

"ఇద్దరు దిగకున్రి," అని కారు కిందికి దూరాడు. ఒక్కో బోల్టే వదులు చేసి, ఎడమ ఒకటి, కుడి మూడు వేసి మళ్లీ బిగించాడు. మధ్యలో చాయ్ వస్తే సీట్లలోకే అందించమన్నాడు. పని అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మహిపాల్ తలుపు లాగాడు. టక్కున పడింది.

బాలనర్సింహ లేచి నిలబడ్డాడు. చాయ్ హోటల్ వాళ్లు వింటున్నారని తెలిసే చెప్పాడు. "అమ్మా, ఆయన మా ఉస్తాద్. కండ్లు మసకలైనయని నలుగురి ముంగట అన్నోన్ని నేనే. ఆయన కండ్లకేం కాలే. తప్పు నాది."

ఛాయాదేవి అతని ముఖంలోకి చూసింది. "బాలనర్సింహవి నువ్వేనా? బండి తీసుకుపోదామని వస్తే రెండు రోజులు ఇవ్వలేదయ్యా మాకు. మేజర్ గారు కోప్పడినా వినలేదు. 'మా బాలనర్సింహ ఇంక సూడలే. వాన్ని సీట్ల కూసోబెట్టి సూపియ్యాలె. వాడొచ్చినంక తీస్కపోన్రి' అన్నాడు."

ఆ మాట చెవిన పడ్డాక కూడా ఉస్తాద్ రెండు రోజులు ఎదురుచూశాడన్నమాట.

బాలనర్సింహ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. మహిపాల్‌ను ఒక్క నిమిషం దిగమన్నాడు. ఇరవై ఐదేళ్లలో పెరిగిన పొట్టను సర్దుకుంటూ డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపు లాగాడు. గీసుకోకుండా పడింది. స్టీరింగ్ పట్టుకుని తల వంచుకున్నాడు. కన్నీళ్లు బొటబొటా చేతుల మీద రాలాయి.

"సూసిన ఉస్తాద్," అన్నాడు.

పక్క సీట్లో ఛాయాదేవి అతన్ని దిగమని తొందర పెట్టలేదు.