ఐదున్నర కిలోల తేడా

లూకా భయం సరిగ్గా తొమ్మిదింపావుకి, కాటా దగ్గర మొదలైంది. అప్పటిదాకా మనిషి బాగానే ఉన్నాడు. నాలుగిడ్లీ తిన్నాడు, టీ తాగాడు, బండి తుడుస్తూ ఈల కూడా వేశాడు.

డెబ్భై నాలుగో సంవత్సరం, మార్చి నెల. బాపట్ల నుంచి సూర్యలంక పోయే రోడ్డు పక్కన, మినుము పీకేసిన మాగాణి చేలల్లో మోటార్‌సైకిల్ పందెం పెట్టారు. చదునైన రోడ్డు మీద పరిగెత్తించే పందెం కాదిది. చేను గట్ల మీద నుంచి ఎగరాలి, బోదెల్లోకి దూకాలి, దుమ్ములో పడి లేవాలి. అలా ఆరు చుట్లు తిరిగి ముందొచ్చినవాడికి ఒక వెండి కప్పు, దాంతోపాటు ఏడాదికి సరిపడా గొప్పలు.

గొప్పల కోసమే పుట్టినవాడు పూర్ణచంద్రరావు. రేపల్లెలో బియ్యం మిల్లున్న వెంకటకృష్ణయ్యగారి ఒక్కగానొక్క కొడుకు. ఆరడుగుల మనిషి, ఎనభై రెండు కిలోలు. కిందటేడు చీరాల కుర్రాడొకడు బక్కపలచగా ఉండి, బండీ బక్కపలచగా ఉండి, ఇతన్ని రెండు మడులు వెనకేసి పోయాడు. ఆ రోజు నుంచి పూర్ణచంద్రరావుకి బరువు పిచ్చి పట్టింది. ఒంటి బరువు తగ్గించుకోమంటే మాత్రం వినడు. పొద్దున రెండు పెసరట్లు, ఉప్మా లేకపోతే ఆయనకి తెల్లవారదు. కాబట్టి తగ్గాల్సింది బండే.

ఆ తగ్గించే పని తెనాలిలో షెడ్డున్న మెకానిక్ లూకాది. పాత జావా బండి. దీపం పీకాడు, మడ్‌గార్డులు పీకాడు, చైను మీద డబ్బా తీసేశాడు, సీటు సగానికి కోసి కొబ్బరిపీచు దిండు కుట్టించాడు. పందెం వాళ్ల నియమం ప్రకారం బండి నూట పది కిలోలకి తగ్గకూడదు. తగ్గిన బండి విరుగుతుందని, మనిషి పోతాడని పెద్దవాళ్లు పెట్టిన నియమం. నూట పదికి ఒక్క పిసరు కూడా ఎక్కువ ఉండకూడదన్నది పూర్ణచంద్రరావు పెట్టుకున్న నియమం.

పని కొంత జరిగినప్పుడల్లా బండిని మిల్లు లారీ ఎక్కించి రేపల్లె తీసుకెళ్లి, మిల్లులో బియ్యం తూచి ఇచ్చే కాటా మీద పెట్టేవారు. నూట పదహారు దగ్గర బండి మొండికేసింది. ఇక పీకడానికేమీ మిగల్లేదు. అప్పుడు మొదలైంది డ్రిల్లు. బోల్టులకి బెజ్జాలు, పెడళ్లకి బెజ్జాలు, ఫ్రేము పట్టీలకి బెజ్జాలు. ఉన్న ఇనుమునల్లా ఆకురాయి పెట్టి పలచన చేశాడు. అయినా పోయిన గురువారం నూట పదకొండు చూపించింది. ముందు చక్రం కాళ్లు రెంటినీ కలిపి పట్టి ఉంచే ఉక్కు దిమ్మ ఒకటి హ్యాండిల్ కింద ఉంటుంది. దాని జోలికి మాత్రం పోవద్దండీ అని లూకా మొదటి రోజే చెప్పాడు. గురువారం సాయంత్రం దాని జోలికీ పోయాడు. తొమ్మిది బెజ్జాలు వేశాడు. ఆ దిమ్మ గట్టిది, నూట పది అంటే పెద్దలు ఆలోచించి పెట్టిన అంకె, అంతవరకూ ప్రమాదం లేదని పూర్ణచంద్రరావుకీ చెప్పాడు, తనకి తనూ సర్దిచెప్పుకున్నాడు.

ఇప్పుడు బాపట్లలో, జనం మధ్య, శ్రీమన్నారాయణ మాస్టారు ఆ బండిని కాటా ఎక్కించారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. పందెం లెక్కలన్నీ ఆయన చేతిమీదే జరుగుతాయి.

"నూట నాలుగున్నర" అన్నారు మాస్టారు.

పూర్ణచంద్రరావు నవ్వాడు. "కాదండి మాస్టారూ. మా మిల్లు కాటా మీద నూట పది. మొన్న శుక్రవారమే చూశాం. మీ కాటాలో తేడా ఉందేమో."

మాస్టారికి కోపం వచ్చింది. తూనికల ఆఫీసరు ముద్ర వేసి వారం కాలేదన్నారు. ఇరవై కిలోల రాయి తెప్పించి పెట్టారు. ఇరవై చూపించింది. రెండు రాళ్లు పెట్టారు. నలభై చూపించింది. "ఇంకేంటండి? ఐదున్నర తక్కువుంది. బరువు కట్టుకుని రండి, లేకపోతే తప్పుకోండి."

"ఓస్ అంతేనా! ఇసక మూట కట్టేద్దాం" అన్నాడు పూర్ణచంద్రరావు.

లూకా లోపల లెక్క కట్టుకున్నాడు, భయం పట్టుకుంది. ఇరవై రాయి ఇరవయ్యే చూపించింది. అంటే తేడా ఇక్కడ లేదు, అక్కడుంది. వందకి ఐదు ఎక్కువ చూపించే కాటా మీద తను మూడు నెలలు బండి తూచాడు. మిల్లులో నూట పదహారు చూపించి మొండికేసిన రోజే బండి అసలు బరువు నూట పది. ఆ రోజే ఆగాల్సింది. ఆ తరవాత వేసిన ప్రతి బెజ్జం, గీకిన ప్రతి పట్టీ, గురువారం నాటి ఆ తొమ్మిదీ, ఏవీ వేయనక్కర్లేనివి.

ఆ మిల్లు కాటా దగ్గర పద్దెనిమిదేళ్లుగా నిలబడి, రైతులకి బియ్యం తూచి ఇచ్చేటప్పుడు అంకె పైకి చదివే మనిషి ఆదాము. లూకా కన్నతండ్రి. బండి తూచిన ప్రతిసారీ అంకె చెప్పింది ఆయనే. కొడుకు మొహం వంక చూడకుండా చెప్పేవాడు. తల్లి అన్నమ్మ మొగుడు పనిచేసే మిల్లు పక్కనే ఉండగా ఎర్రటెండలో మైలు దూరం పోయి వేరే కొట్లో బియ్యం ఎందుకు కొనేదో, ఆమె పోయిన ఆరేళ్లకి, ఇక్కడ మాస్టారి కాటా ముందు నిలబడ్డప్పుడు లూకాకి అర్థమైంది. 

బండి పక్కన గొంతుక్కూచుని దిమ్మ మీద కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూశాడు. నాలుగో బెజ్జానికీ ఐదో బెజ్జానికీ మధ్య సన్నటి గీత ఉంది. గోటితో గీకితే పోలేదు.

"చిన్నబాబుగారూ, ఎక్కొద్దండి. దిమ్మ బీట తీసింది."

"బీటేంట్రా, మసి అది. నువ్వేగా గట్టిదన్నావు?"

"అన్నానండి. అప్పుడు నూట పది అనుకున్నా. గట్టు మీంచి దిగేటప్పుడు మీ బరువంతా దానిమీదే పడుద్దండి. విరిగిందంటే మీ మెడే ముందు నేలకి తగులుద్ది."

"ఐదు నిమిషాల్లో జెండా ఊపుతారు. ఇప్పుడా చెప్పేది? భయమేస్తే కళ్లు మూసుకుని కూచో" అని పూర్ణచంద్రరావు ఇసక మూట సీటు వెనక కట్టించుకుని బండి తోసుకుంటూ పోయాడు. మంచివాడే, కానీ చెవులు మాత్రం ఎప్పుడూ అలంకారానికే.

ఇక మిగిలింది పెద్దాయన. వెంకటకృష్ణయ్యగారు గొడుగు కింద కుర్చీలో కూచున్నారు. చుట్టూ రేపల్లె నుంచి మిల్లు లారీలో వచ్చిన రైతులు, ఏటేటా ఆయన మిల్లులో ధాన్యం ఆడించుకునేవాళ్లు, నలభై మంది దాకా నేలమీద కూచున్నారు. కుర్చీ వెనక కండువా చేతిలో పట్టుకుని ఆదాము నిలబడ్డాడు. లూకా పెద్దాయన చెవి దగ్గర వంగి సంగతంతా చెప్పాడు. చెబుతుంటే పళ్లు టకటకలాడాయి.

వెంకటకృష్ణయ్యగారు మొదట అడిగింది కొడుకు గురించి కాదు. "కాటా సంగతి నీకెవర్రా చెప్పింది? మీ నాన్నా?"

"ఎవరూ చెప్పలేదండి. బండే చెప్పింది."

పెద్దాయన మొహంలో రంగు మారింది. లేచి, జనానికి అడ్డంగా కట్టిన తాడు దాకా నడిచారు. "ఒరే పూర్ణా! ఈ ఏడాదికి వద్దురా. దిగిరా!"

"ఎందుకు నాన్నా?"

"నేను చెబుతున్నాగా."

"కారణం చెప్పండి, దిగుతా. ఊరికే దిగితే చీరాల వాళ్లు నవ్వుతారు."

ఆయన నోరు తెరిచారు. వెనక్కి తిరిగి రైతుల వంక చూశారు. నలభై మొహాలూ ఈయన్నే చూస్తున్నాయి. నోరు మూసుకున్నారు. పూర్ణచంద్రరావు భుజాలెగరేసి కళ్లద్దాలు దించుకున్నాడు. కన్నకొడుకు ప్రాణం ఒక పక్క, వందకి ఐదు కిలోలు ఒక పక్క పెట్టి ఆ మనిషి అక్కడ నిలబడి తూచుకుంటున్నాడని లూకాకి తెలుస్తూనే ఉంది. ఆ తూకం తెమిలేట్టు లేదు. అంతకంటే సిగ్గు ఏంటంటే, లూకా కూడా అదే పని చేస్తున్నాడు. కాటా మాట బయటపడితే జనం ముందు పట్టుకునేది అంకెలు చదివినవాణ్ణి. నాన్నకి అరవై దాటాయి. గట్టిగా తోస్తే పడిపోయే మనిషి.

వరసలో పన్నెండు బండ్లు ఒక్కసారి గర్జించాయి. మాస్టారు జెండా ఎత్తారు.

తర్వాత అందరూ అడిగారు, ఎలా చేశావురా అని. లూకాకే తెలీదు. చేతిలో సుత్తి ఎప్పుడొచ్చిందో తెలీదు. తాడు కింద నుంచి దూరి, దుమ్ములో పరిగెత్తి, పూర్ణచంద్రరావు బండి ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకున్నాడు. భయంతో ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే దిమ్మ మీద కొట్టాడు. మొదటి దెబ్బకి బీట సాగింది. రెండో దెబ్బకి దిమ్మ రెండు ముక్కలై, ఒక ముక్క నేలమీద పడింది. బండి ముందు కాళ్లు విడిపోయి మూతి మీద బోర్లాపడింది. మిగతా పదకొండు బండ్లూ వెళ్లిపోయాయి.

పూర్ణచంద్రరావు దిగి లూకా చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టడానికి చెయ్యెత్తి, కిందున్న ముక్క చూశాడు. తీశాడు. బెజ్జాల మధ్య ఇనుము వేలి గోరంత మందం కూడా లేదు. ఎదురుగా మొదటి గట్టు మీద నుంచి చీరాల కుర్రాడు ఎగిరి దబ్బున నేలమీద దిగడం అందరికీ కనపడింది. పూర్ణచంద్రరావు ఆ గట్టునీ, చేతిలో ముక్కనీ మార్చి మార్చి చూశాడు. ఎత్తిన చెయ్యి దించేశాడు.

"ఇంత పలచన చేశావేంట్రా? చంపుదామనా?" "నూట పది దగ్గర ఆగమన్నాను కదా?"

లూకా నేల చూపులు చూశాడు. రైతులు చుట్టూ మూగారు. ఆదాము వాళ్ల వెనకెక్కడో ఉన్నాడు. లూకా, తప్పు నాదేనండీ అనబోయాడు. ఆ మాటంటే తెనాలిలో తన షెడ్డుకి ఇక ఎవరూ రారు, సరే, రాకపోతే పోనీ అనుకున్నాడు.

"వాణ్ణేమీ అనకు" అన్నారు వెంకటకృష్ణయ్యగారు. చెప్పులు ఎక్కడో వదిలేసి, మాగాణి గడ్డల మీద ఉత్తకాళ్లతో వచ్చారు. కొడుకు చేతిలోంచి ఆ ముక్క తీసుకుని చూశారు. దాని అంచు మీద బొటనవేలు పెట్టి నొక్కారు. "వాడు నూట పది దగ్గరే ఆగాడ్రా. మన కాటాయే ఆగలేదు. వందకి ఐదు ఎక్కువ చూపిస్తుంది. నేనే పెట్టించాను."

 లూకా గొడవవుతుందని ఒళ్లు బిగబట్టుకున్నాడు గానీ, ఎవరూ కదల్లేదు. ముందు వరసలో రత్తమ్మ ఉంది. మొగుడు పోయాక రెండెకరాలు తనే చేసుకుంటూ, ముగ్గురు పిల్లల్ని సాకుతున్న మనిషి. ఆవిడ వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, ఆపేసి, తలెత్తింది.

"ఎన్నేళ్ల నుంచండీ?"

వెంకటకృష్ణయ్యగారు అలవాటు కొద్దీ ఆదాము వంక తిరిగారు. అంకె చెప్పే పని ఎప్పుడూ అతనిదే. అందరూ అటే తిరిగారు. జనం రెండుగా చీలారు, ఆదాముకీ రత్తమ్మకీ మధ్య ఎవరూ మిగల్లేదు.

"పద్దెనిమిదేళ్లమ్మా" అన్నాడు ఆదాము, ఈసారి ఆమె కళ్లలోకి చూస్తూ.

రత్తమ్మ అతని వైపు అడుగేసింది. ఆమె వెనక మిగతావాళ్లూ కదిలారు. లూకా సుత్తి అక్కడే వదిలేసి, గడ్డల మీద తూలుకుంటూ పోయి వాళ్ల నాన్న పక్కన నిలబడ్డాడు.