గంప కింది పిల్ల

అత్త కనిపించడం లేదని తెలిసేసరికి భూలక్ష్మి చేతిలోని చాట జారి బియ్యమంతా నేలపాలైంది. చంద్రమ్మ మంచం ఖాళీ. మంచం మీది రోబో మేకపిల్లా లేదు. తొంభై తొమ్మిదిలో మాదాపూర్ గుట్టల్ని ఆఫీసుల కోసం పేల్చేస్తున్న రోజులవి. మతి తప్పిన మనిషి అటు పోతే ఇంకేమన్నా ఉందా!

ఆ పిల్లను తెచ్చింది పై వాటాలో కిరాయికుండే ఉదయ్ భాస్కర్. హైటెక్ సిటీ అద్దాల మేడలో ఇంజనీరు. మతిమరుపు ముసలివాళ్లకు తోడుండే బొమ్మ చేద్దామని వాళ్ల కంపెనీ ముచ్చట. పైన బొచ్చు, లోపల మోటారు. ఒళ్లో పెట్టుకుంటే నోరెత్తదు, కింద పెడితే చాలు, మే అని ఏడుస్తుంది. బతుకంతా మేకల వెంట తిరిగిన చంద్రమ్మకు అది అచ్చం తన మందలోదే. అది వచ్చాక ఆమె వీధిలోకి పరిగెత్తలేదు, కోడలిని తిట్టలేదు. ఇల్లు ఊపిరి పీల్చుకుంది.

ఇవాళ పొద్దున ఉదయ్ భాస్కర్ వచ్చి, "రేపు దీన్ని వెనక్కి తీసుకెళ్లాలండి" అన్నాడు. ఆ మాట అత్త ముందే అనాలా, పుణ్యాత్ముడు! జాగా అమ్మినప్పుడు మంద మొత్తం కసాయి లారీ ఎక్కింది. అన్నీ మరిచిన చంద్రమ్మ ఆ లారీని మాత్రం మరవలేదు.

ఒకప్పుడు ఆమె మేకలు మేపిన గుట్ట దగ్గరికే భూలక్ష్మి పరిగెత్తింది. బండలకు మందు పెట్టి పేల్చే ఓదెలు ఎర్రజెండాతో అడ్డం నిలబడ్డాడు.

"ఆగు తల్లీ! వత్తి ముట్టించిన. ఇగ నా చేతిల లేదు."

"మా అత్త వచ్చిందా అన్నా? చేతిల మ్యాకపిల్ల..."

ఓదెలు మొహం పాలిపోయింది. "జరసేపటి కింద ఒక ముసలామెను ఎల్లగొట్టిన. మల్ల అచ్చిందా ఏంది?"

"అత్తా! ఓ అత్తా!" భూలక్ష్మి గొంతు చించుకుంది. పలుకు లేదు.

వెనకే రొప్పుతూ వచ్చిన ఉదయ్ భాస్కర్ నీళ్లు నమిలాడు. "ఒళ్లో ఉన్నంతసేపు బొమ్మ అరవదండి. గట్టిగా పట్టుకుని ఉంటారు."

దాచుకుంది. కసాయికి ఇస్తారని దాచుకుంది. పిలిచేకొద్దీ ఇంకా లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు భూలక్ష్మికి తట్టింది. పొద్దుగూకాక మేత నుంచి తిరిగొచ్చిన తల్లిమేక అరుపు వింటే ఈ అత్త ఏనాడూ పిల్లను గంప కింద ఉంచలేదు. నోటి ముందు ముద్దైనా వదిలి, లేచి గంప ఎత్తేది.

సిగ్గూ గిగ్గూ గాలికొదిలి, టైలు కట్టిన ఆఫీసు జనమంతా చూస్తుండగా, పాలు చేపుకొచ్చిన మేకలా భూలక్ష్మి అరిచింది. "మ్మే... మ్మే..."

మళ్లీ అరిచింది.

రెండు బండల సందులోంచి సన్నగా వినిపించింది, "మే."

కింద పెట్టింది! ఓదెలు చెయ్యి విదిలించుకుని భూలక్ష్మి ఉరికింది. ఏడుస్తున్న పిల్లను అక్కడే వదిలి, అత్తను రెక్క పట్టి గుంజుకొచ్చి, పక్కన ఆగి ఉన్న కంకర లారీ వెనక పడేసి మీద పడుకుంది. భూమి అదిరింది. లారీ మీద రాళ్లు టపటపా రాలాయి. ఆ తర్వాత మేకపిల్ల అరుపు వినిపించలేదు.

చంద్రమ్మ లేచి ఖాళీ ఒడి తడుముకుంది. "పిల్లేదే?"

"తల్లి వచ్చి తోల్కపోయింది అత్తా."

ముసలామె తృప్తిగా తలూపింది. అంతలోనే గుట్ట వంక, జనం వంక బెదురుగా చూసింది. "మరి నన్నెవరు తోల్కపోతరు?"

భూలక్ష్మికి ఏడుపు ఆగలేదు.

"నేనే అత్తా. నిన్ను తోల్కపోదామనే వచ్చిన."