తడిసిన స్పినకర్

నేను ఒక స్పినకర్‌ని. పేరు వినగానే మొహం చిట్లించకండి. గాలి వెనకనుంచి వీచేటప్పుడు పడవ ముందు బొజ్జలా ఉబ్బే పలచటి నైలాను తెరచాపని నేను. చెన్నైలో ఒక దర్జీ ఎరుపూ పసుపూ గుడ్డలు కలిపి నన్ను కుట్టాడు. మొదట ఒక ఓడ కెప్టెన్‌గారు కొన్నారు. నన్ను ఎత్తడం చేతకాక నాలుగుసార్లు నీళ్లలో పడి, తప్పంతా నాదేనని తేల్చి, విశాఖపట్నంలో ఒక పడవల క్లబ్బుకి దానం చేసేశారు. మనుషులకి దానగుణం ఇలాగే పుడుతుంది కాబోలు.

అక్కడ పోలేశ్వరి చేతిలో పడ్డాను. జాలరిపేట అమ్మాయి. రెండు సన్నటి డొల్లల్ని జతచేసిన చిన్న కాటమరాన్ నడిపేది. నా పై కొసని స్తంభం తాడుకీ, ఒక కింది కొసని పడవ ముందుకి పొడుచుకొచ్చిన ముక్కుకర్రకీ, మూడోదాన్ని రెండు పక్కల తాళ్లకీ కట్టడం ఆమెకి జడ అల్లుకున్నంత సులువు. ఆ ఏడు పందెంలో మొదటి ఇద్దరికే రాష్ట్ర జట్టులో చోటు.

పందెం రోజు పొద్దున్నే ఆమె తండ్రి యల్లాజీ వచ్చాడు. నలభై ఏళ్లు తెప్ప మీద వేటాడినవాడు. నూలు చాపని ఎత్తేముందు ఉప్పునీళ్లతో తడిపితే నేత బిగిసి గాలి జారిపోదని అతనికి తెలుసు. నాది నైలాను ఒళ్లని తెలీదు. కూతురు అటు వెళ్లగానే, ఎంతో ప్రేమగా, రెండు బకెట్ల సముద్రం నన్ను మడిచిపెట్టిన సంచిలో పోసేశాడు.

గాలికి ఎదురెళ్లే మొదటి సగమంతా నేను సంచిలోనే ఉంటాను కాబట్టి, నా బరువు ఆమెకి తెలిసేసరికి పందెం సగం అయిపోయింది. గాలి వెనకనుంచి తగిలేలా మలుపు తిరిగి పైకి లాగితే, తడికి నాకు నేనే అంటుకుపోయాను. విచ్చుకోవాలని ఎంత కొట్టుకున్నానో నాకే తెలుసు. మూడు పడవలు మమ్మల్ని దాటిపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఒడ్డున యల్లాజీ ఎదురొచ్చాడు. "నాను తడిపీసేనమ్మా. గాలి బాగా పట్టిందేటి?"

పోలేశ్వరి నన్ను చుట్టి చంకన పెట్టుకుంది. "బాగా పట్టిందయ్యా. నాకే సేత కాలేదు," అంది.

మరుసటి ఏడు ఆమె జట్టులోకి వెళ్లింది. చాలా పందేలు గెలిచాం. ఇప్పుడు చిరిగిపోయి క్లబ్బు షెడ్డులో ఓ మూల పడున్నాను. అయినా గెలుపులకన్నా, ఓడిన మర్నాటి సాయంత్రమే నాకు ఎక్కువ గుర్తొస్తుంది. యల్లాజీ నన్ను మంచినీళ్లలో ఉప్పంతా పోయేలా జాడించి, నీడన ఆరేసి, మడతపెట్టి కూతురి ఒళ్లో పెట్టాడు.

"తడపకూడదని ఎవులు సెప్పారయ్యా?" అంది పోలేశ్వరి.

"ఎవులూ సెప్పలేదమ్మా. సేత కాలేదన్నావు గదా. నీకు సేత కానిది నానెప్పుడూ సూళ్లేదు."