ఊదా కొంగకు రెండో సాక్షి

అన్యాయం జరిగింది ఎవరికి? హెస్టర్ కాచ్‌పోల్‌కు. ఎలా జరిగింది? ఆమె కళ్ళారా చూసిన పక్షిని ఆమె చూడలేదని నలుగురూ తేల్చారు. అందుకు కారణం ఎవరు? ఆమె పక్కనే కూర్చున్న నేను.

థార్న్‌మియర్ మడుగు ఒడ్డున, రెల్లు మధ్య, పక్షులను చాటుగా చూసే మా మాటుగది ఇప్పటికీ ఉంది. చెక్క గోడలు, మోచేతులు ఆనించుకునే బల్ల, కంటి ఎత్తున సన్నని కిటికీలు. ఏ పక్షినైనా, జంతువునైనా అక్కడ మొదట చూసేది ఎప్పుడూ హెస్టరే. నేను ఫ్లాస్కు మూత తిప్పేలోగా ఆమెకు డేగ కనబడేది. కళ్ళద్దాలు తుడుచుకునేలోగా నీటికుక్క. ఆమె వేలు చూపించాకే నాకు కనబడేవి. చూపించినప్పుడల్లా కృతజ్ఞత చెప్పేదాన్ని. చెప్పినప్పుడల్లా కడుపు మండేది.

1987 మే నెలలో ఒక ఉదయం రెల్లులోంచి కొంగ లేచింది. రోజూ చూసే బూడిద కొంగ కాదు. పాములాంటి సన్నని ఎర్రటి మెడ, దాని పొడవునా నల్లటి గీత.

"ఊదా కొంగ! ఫిలో, చూశావు కదూ?" అంది హెస్టర్, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

అరుదైన పక్షిని ఒక్కరే చూస్తే మా జిల్లా పక్షుల సంఘం నమోదు చేయదు. రెండో సాక్షి సంతకం ఉండాలి. కార్యదర్శి క్లెమెంట్ థర్లో నన్ను అడిగాడు.

"నాకు మామూలు కొంగలాగే కనబడింది" అన్నాను.

ఆనాటి నుంచి హెస్టర్ ఎదురైతే చాలు, సంఘంలోవాళ్ళు "ఏం తల్లీ, ఇవాళ ఏ కొంగకు రంగేశావు?" అనేవారు. ఆమె నవ్వేసేది. సంఘానికి మళ్ళీ ఒక్క పక్షిని గురించీ రాయలేదు. నా పక్కన కూర్చోవడం మాత్రం మానలేదు.

ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత, ఈ మే నెలలో, మొట్టమొదటిసారి నేను ముందు చూశాను. పాప్లార్ చెట్టు కొమ్మల్లో పసుపుపచ్చగా వెలిగిపోతూ, మా వైపు అరుదుగా వచ్చే వంగపండు పిట్ట. పక్కనే ఉన్న హెస్టర్‌కు చూపించలేదు. అది నాకొక్కదానికే దక్కాలనుకున్నాను. రెండు నిమిషాలకు అది ఎగిరిపోయింది.

సంఘం సమావేశంలో ఆ పిట్ట సంగతి చెప్పగానే క్లెమెంట్ యథాప్రకారం అడిగాడు. "రెండో సాక్షి?"

"నేనున్నానుగా" అంది హెస్టర్. "పాప్లార్‌లో, ఎడమ కొమ్మ మీద. మగపిట్ట."

బయటికి వచ్చాక నిలదీశాను. "చూసి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావేమోనని చూశానే."

"నాకంటే ముందే చూశావా?"

"అది మాత్రం అడక్కు."

మంచితనంలోనూ ఆమే ముందు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు ఒప్పుకుంటే చాలదు, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి అని కాన్వెంటులో మాకు చిన్ననాడే నేర్పారు.

మరుసటి నెల సమావేశంలో, వేళాకోళం చేసినవాళ్ళంతా ఉండగా, లేచి నిలబడ్డాను.

"ఆ రోజు ఊదా కొంగను నేనూ చూశాను. ఓర్వలేక అబద్ధమాడాను."

క్లెమెంట్ ముఖం ముడుచుకుంది. "అప్పుడు చూడలేదన్నారు, ఇప్పుడు చూశానంటున్నారు. ఏది నమ్మమంటారు, ఫిలోమెనా?"

నా పాత నోటుపుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆ ఉదయమే ఇంటికి వెళ్ళి పెన్సిలుతో గీసుకున్న బొమ్మ అందులో ఉంది: వంపు తిరిగిన మెడ, నల్లటి గీత, తేదీ, వేళ. అన్నేళ్లూ దాన్ని ఎవరికీ చూపించలేదు. చింపి పారేయనూ లేదు.

ఆయన బొమ్మనూ తేదీనీ సరిచూశాడు. తర్వాత బీరువాలోంచి ఆ కొంగ గురించి హెస్టర్ అప్పట్లో రాసిచ్చిన కాగితం తీసి, 'నిరూపణ కాలేదు' అన్న మాట కొట్టేసి, కలం నా చేతికిచ్చాడు.

"మొత్తానికి కనబడిందన్నమాట నీకు కొంగ" అంది హెస్టర్.

"ఆ రోజే కనబడింది."

"తెలుసు. నీ బైనాక్యులర్స్ దాని వెంటే తిరిగాయి. సంతకం పెట్టు, టీ చల్లారిపోతోంది."

పైన ఆమె పేరు ఉంది. దాని కింద, రెండో సాక్షి అన్న చోట, నా పేరు పూర్తిగా రాశాను.