బాపు అను

ఇడ్లీకి పప్పు రుబ్బుతున్నాను. "అంత పెద్ద ఆపరేషన్ చేయించినా పోరికి మాట రాలే. తల్లి సక్కగ నేర్పాలె గద," అంది మా అత్త సుశీలమ్మ, గోడకు చెప్తున్నట్టు. నా భర్త కైలాసం పేపరు మడుస్తూ, "నేర్పుతున్న అంటది. ఏం నేర్పుతుందో ఏమో," అన్నాడు. ఛత్రినాక నుంచి సంతోష్‌నగర్‌కు, ఐదేళ్ల పిల్లను చంకనెత్తుకుని బస్సుల్లో థెరపీకి తిప్పేది నేను. ఈయన ఒక్కనాడూ ఆ గుమ్మం తొక్కలేదు.

అది 2008. నీహారికకు చెవి ఇంప్లాంట్ పెట్టకముందే డాక్టరు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి మెదడు స్కానింగు చూపించాడు. "మెదడులో కబుర్లు మోసే తెల్ల భాగం దెబ్బతింది. కాళ్లూ చేతులూ బిగుసుకునేది అందుకే. ఆపరేషన్ తర్వాత శబ్దాలు వినొచ్చు, పిలిస్తే తిరగొచ్చు. మాటలు వస్తాయని మాత్రం ఆశ పెట్టను," అన్నాడు. కైలాసం పెద్దమనిషిలా తలూపాడు. మెట్లు దిగుతూనే ఫోన్లో తమ్ముడితో, "ఆరు నెలల్ల నా బిడ్డ గడగడ మాట్లాడతది," అన్నాడు. రెండు చెవులూ బాగున్న మనిషి వినికిడి అంత!

ఇంప్లాంట్ పెట్టాక పిల్ల కుక్కరు కూతకు ఉలిక్కిపడింది. నా గొంతు వింటూ నిద్రపోవడం మొదలుపెట్టింది. అది ఈయన లెక్కలోకి రాలేదు. ఈయనకు కావలసింది కూతురు వినడం కాదు, నలుగురిలో తనను బాపు అని పిలవడం. థెరపీ చేసే సురయ్యా, "సైగలు గూడ నేర్పుదాం అమ్మా, పాప దిల్‌ల ఉన్నది బయటికి రావాలె గదా," అంటే, "మూగోళ్ల లెక్క చేతులు ఊపుతదా? ఇజ్జత్ పోతది," అన్నాడు. ఇజ్జతంట! పిల్ల నోట్లో ఒక్క ముద్ద పెట్టి ఎరగడు.

బోనాలకు చుట్టాలొచ్చారు. వాళ్లందరికీ వండి వడ్డిస్తున్నాను. కైలాసం పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, "బాపు అను బిడ్డా, బాపు," అన్నాడు. దాని పెదవులు కదిలాయి, గాలి మాత్రమే వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన దాని తలకు అయస్కాంతంతో అంటుకుని శబ్దం అందించే మిషన్ బిళ్లను లాగేసి ఒళ్లోకి విసిరాడు. "గీ డబ్బతోని ఫాయిదా లేదు!"

నీహారిక ఏడవలేదు. బిగుసుకున్న వేళ్లతో బిళ్లను తలకు పెట్టుకోబోయింది. జారింది. మళ్లీ పెట్టుకుంది, మళ్లీ జారింది. నేను గరిటె పడేసి వచ్చేలోపే అది అంటుకుంది. గల్లీలో మోగుతున్న డప్పుల వైపు తిరిగి పిల్ల నవ్వింది. దానికి వినాలని ఉంది. ఆ నవ్వు ఎవరూ చూడలేదు. మటన్‌లో ఉప్పు తక్కువైందని మాట్లాడుకుంటున్నారు.

మర్నాడే సురయ్యా దగ్గరికి వెళ్లి సైగలు నేర్పమన్నాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు.

దసరా దాటాక ఓ సాయంత్రం, పక్కింటాయన వచ్చి కూర్చున్నప్పుడు, కైలాసం మళ్లీ మొదలుపెట్టాడు. "బాపు అను." నీహారిక ఆయన మొహంలోకి చూసింది. వంకర వేలు పైపెదవి మీదికి తెచ్చి, మీసం దువ్వినట్టు తిప్పింది. సురయ్యా దగ్గర నేర్చుకున్న సైగ. బాపు.

"గీ కోతి చేష్టలేంది? ఏమంటుందే?" అన్నాడు నా వైపు తిరిగి. ఈ ఇంట్లో పిల్ల ఏడుపుకీ, అత్త మూతి విరుపుకీ, ఈయన అలకకీ అర్థం చెప్పే చాకిరీ నాదే.

"నన్నెందుకు అడుగుతవ్? బిడ్డ నీతోని మాట్లాడింది," అన్నాను.