విజిల్ రాని సంగటి

కురబలకోట గంగాధర్‌కు కుక్కరంటే భయం. నవ్వకండి. బలిసిన పొట్టేలును భుజాన వేసుకుని వాగు దాటే మనిషే అతను. కానీ ఇంట్లో కుక్కర్ మొదటి విజిల్ వేసిన రోజు వంటింట్లోంచి ఒక్క దూకు దూకి గొర్రెల దొడ్డిలో తేలాడు. అతని కంటే గొర్రెలే నయం, చెవులు కదిలించి ఊరుకున్నాయి.

ఆ కుక్కర్ వాళ్లింటికి రావడానికి ఒక కారణం ఉంది. గంగాధర్ భార్య నీలిమ మొన్నటిదాకా టమోటా తోటల్లో కూలికి పోయేది. మూడు నెలల కిందట మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరింది. వాళ్ల రెండు వైపుల వాళ్లలోనూ నెల జీతం అందుకున్న మొదటి మనిషి ఆమే. ఆయాలకిచ్చే లేత నీలం యూనిఫాం చీర కట్టుకుని ఆరున్నర బస్సు ఎక్కుతుంటే చూడాలని, గంగాధర్ రోజూ గోడ దగ్గర ఏదో పనున్నట్టు నిలబడేవాడు. కానీ ఆ బస్సు అందుకోవాలంటే ఆమె నాలుగింటికే లేచి కట్టెల పొయ్యి ముందు కూర్చోవాలి. పాపం, ఎన్నాళ్లని తట్టుకుంటుంది! ఒకరోజు వార్డులో దుప్పట్ల మూట పట్టుకుని నిలబడే కునుకు తీసింది.

వార్డు ఇన్‌ఛార్జి బీనా సిస్టర్ అది చూసింది. కేక వేయలేదు. సాయంత్రం డ్యూటీ దిగాక నీలిమను తన క్వార్టర్స్‌కు తీసుకుపోయి, అటక మీది పాత కుక్కర్ దించి చేతిలో పెట్టింది. ఇరవై ఏళ్ల నాటిది. పిడి ఒకటి కాలి ఉంది కానీ అడుగు మందంగా ఉంది.

"ఇంక పొద్దున వంట నాది. నువ్వు నిద్రపో" అని గంగాధర్ మాటిచ్చేశాడు. మాటివ్వడంలో మనవాడు ఎప్పుడూ ముందే. ఒక కాలు చెప్పులో, ఒక కాలు గడపలో పెట్టి నీలిమ హడావిడిగా నేర్పింది. "కందిబేడలెయ్యి, నీళ్లు పొయ్యి, మూత బిగించు, విజిల్ పెట్టు. మూడొచ్చినంక ఆపెయ్. అంతే మామా!"

పది రోజులు పప్పు బాగానే ఉడికింది. అంటే, అతను గ్యాస్ వెలిగించి బయటికి పరిగెత్తేవాడు, రెండో క్లాసు చదివే కూతురు జాహ్నవి వాకిట్లో విజిళ్లు లెక్కపెట్టేది. పదకొండో రోజు మాత్రం బుద్ధి పెడదారి పట్టింది. నీలిమకు సంగటంటే ప్రాణం. సాయంత్రం ఆమె వచ్చేసరికి సంగటి ముద్ద చేసి ఉంచుదామనుకున్నాడు. గుప్పెడు బియ్యం, రాగిపిండి, గొంతు దాకా నీళ్లు, అన్నీ ఒకేసారి పోసి మూత బిగించాడు.

విజిల్ రాలేదు. "ఈ పొద్దు బుద్ధిగా ఉండాదే" అని కుక్కర్‌ను మెచ్చుకున్నాడు కూడా. ఎంతసేపటికీ రాకపోతే మంట చాల్లేదేమో అని పెద్దది చేసి బయటికి పోయాడు. వంటింట్లో గోడ వారగా కూర్చుని రాసుకుంటున్న జాహ్నవి పెన్సిల్ చెక్కుకోవడానికి వాకిట్లోకి వచ్చింది. అంతే, లోపల ఢామ్మని చప్పుడు. మూత ఊడలేదు కానీ మూత మీది సేఫ్టీ వాల్వు ఎగిరిపోయింది. ఆ కంతలోంచి సంగటంతా చిమ్మి పైన రేకులకు కొట్టుకుని, గోడ వారగా ఉన్న పుస్తకం మీద సెగలు కక్కుతూ పడింది. గంగాధర్ బిడ్డను గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం నీలిమ గడప దాటకముందే జాహ్నవి చేతులు తిప్పుతూ చెప్పేసింది. "మ్మా, సంగటి పైకెగిరి రేకులకు అంటుకునింది! నా పుస్తకం గూడా తినింది!"

నీలిమ రేకుల వంక చూసింది. గోడ వారగా బిడ్డ రోజూ కూర్చునే చోటు చూసింది. తిడుతుందని గంగాధర్ తల వంచుకుని సిద్ధంగా నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. ఆ నీలం చీర విప్పి, మడతలు సరిచేసి, పెట్టెలో అడుగున పెట్టింది.

"రేపు పాతచీరతోనే పోతా. రేపొక్కరోజే సిస్టర్ రెండింటికి డ్యూటీకొస్తాది, సెప్పేస్తా. ఈ పని వద్దు మనకి" అంది. ఆ తర్వాత ఎంత కదిలించినా నోరు విప్పలేదు.

మర్నాడు బిడ్డను బడికి పంపి, గొర్రెలను పక్కింటి మునిరత్నమ్మకు అప్పజెప్పి, కుక్కర్‌ను యూరియా సంచిలో వేసుకుని గంగాధర్ మదనపల్లె బస్సెక్కాడు. పది గంటలకు క్వార్టర్స్ తలుపు తట్టాడు. బీనా సిస్టర్ ఒక ఏడాదిలో రిటైరయ్యే మనిషి. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి అతన్ని, సంచిని, సంచిలోదాన్ని చూసి విషయం రాబట్టింది.

"సంగటి యాల పెట్టినావప్పా దీంట్లో?"

"నీలిమకు ఇష్టమమ్మా."

సిస్టర్ అతన్ని కొళాయి దగ్గరికి తీసుకుపోయింది. మూత కడిగించి కిటికీ ముందు ఎత్తి పట్టుకోమంది. "విజిల్ కూసునే గొట్టంలోంచి సూడు. వెలుతురు కనపడతాందా?"

"లేదమ్మా."

"పిండి కట్టుకునింది. కనపడకపోతే పొయ్యెక్కించొద్దు. పప్పయితే సగానికి మించి పొయ్యొద్దు. పిండి అసలే వద్దు. ఆవిరి బాగా వచ్చినంకనే విజిల్ పెట్టు. విజిల్ వస్తే భయపడొద్దు గంగాధరా, ఆవిరి బయటికి పోతాందని అర్థం. రాకపోతే భయపడు. పొయ్యి ఆపేసి, దూరంగా నిలబడు. లోపల ఆవిరంతా తనంతట తాను పోయేదాకా మూత ముట్టొద్దు. ఎవురొచ్చి తొందర పెట్టినా సరే."

గంగాధర్ అన్నిటికీ తలూపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నీలిమ గూడా నిన్నట్నుంచీ మాట్లాడలేదమ్మా. తిట్టనైనా తిట్టలే. మీకు సెప్పి పని మానేస్తాదంట. ఒక్క వారం ఆగమని సెప్పండమ్మా. ఆ సీర కట్టుకోని పోతాంటే మా ఇంటికే ఒక కళ."

కళ్లు తుడుచుకోవడానికి అటు తిరిగాడు. సిస్టర్ మూత అందుకుని సంచిలో పెట్టింది.

"నేను సెప్తాలే. కానీ నీలిమ భయం నా మాటతో పోదప్పా. నీ సేతిలో ఉండాది" అంది.

బజార్లో రిపేరు షాపుకు పంపి కొత్త వాల్వు, కొత్త రబ్బరు వేయించింది. ఉత్త నీళ్లు పోయించి, రెండుసార్లు విజిల్ తెప్పించింది. మొదటిసారి గంగాధర్ తలుపు దాకా పోయాడు. రెండోసారి సిస్టర్ అతని మోచెయ్యి పట్టుకుంది, అందుకని పోలేదు.

మర్నాడు ఆరింటికి అతను పొయ్యి వెలిగించాడు. పని మానడానికి ఒక్క వారం ఆగమని సిస్టర్ చెప్పింది కాబట్టి నీలిమ నీలం చీర కట్టుకుంది. కానీ జాహ్నవిని చంకకెత్తుకుని వాకిట్లోనే నిలబడింది. గంగాధర్ మూతను దీపానికి ఎత్తి చూసి, బయటికి తెచ్చి ఆమె కంటి ముందు పెట్టాడు. "నువ్వూ సూడు." ఆమె ఒక కన్ను మూసి చూసింది.

బేడలు, టమోటాలు, సగానికి నీళ్లు. పక్క పొయ్యి మీద అన్నం. విజిల్ వచ్చింది. గంగాధర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు కానీ కాళ్లు కదల్చలేదు. "ఒకటి!" అని జాహ్నవి అరిచింది. మూడో విజిల్‌కు పొయ్యి ఆపాడు. సరిగ్గా అప్పుడే మలుపు దగ్గర బస్సు హారన్ వినిపించింది.

"బస్సొచ్చె మామా! తెరువు, బిడ్డకు అన్నం కలిపేసి పోతా!"

"తెరవను."

"విజిల్‌ను గరిటెతో ఎత్తు, ఆవిరి పోతాది. మొన్నటిదాకా నేను అట్లనే గదా సేసింది!"

"మొన్నటిదాకా నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు. బస్సు పోతే ఇంగోటి వస్తాది. దాన్ని ముట్టొద్దు, దూరంగా ఉండు."

ఎన్నడూ ఆమె మాటకు ఎదురాడని మనిషి పొయ్యికీ వాళ్లకూ మధ్య రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. బస్సు వెళ్లిపోయింది. నీలిమ చంకలోని బిడ్డను దించి, తానే వంటింట్లోకి వచ్చి అతని పక్కన నిలబడింది. ఆవిరంతా పోయాక మూత తేలిగ్గా వచ్చింది. పప్పుగుత్తితో పప్పు ఎనిపి, బిడ్డకు బాక్సు కట్టాడు. ఇంకో క్యారియర్ కూడా కట్టి నీలిమ చేతికిచ్చాడు. ఆమె ఏడింటి బస్సుకు పరుగెత్తింది.

మధ్యాహ్నం అతను గుట్ట వారన గొర్రెలు మేపుతుంటే ఫోన్ మోగింది.

"మామా, లేటు యాల అని సిస్టర్ అడిగింది. కుక్కర్లో ఆవిరి పోయేదాకా మా ఇంటాయన పంపలేదు సిస్టర్ అని సెప్తి. ఒకటే నవ్వు!"

"పని మాట?"

"అదీ అడిగింది. మానేస్తానని నేనెప్పుడంటి అని అడిగితి."

గంగాధర్ రాయి మీద కూర్చున్నాడు. "పప్పు తింటివా?"

"తిన్నా. మా అమ్మ పోయినంక నాకని ఎవురూ క్యారియర్ కట్టలేదు మామా. మూత తీసి అట్లనే సూస్తా కూసుంటి." ముక్కు చీదుకుని, చిన్నపిల్లలా అడిగింది. "రేపు గూడా కడతావా?"

"కడతా" అన్నాడు.