తలుపు వెనక గీత

వెంకోబరావుకు తెల్లవారడం అంటే సామాన్లు తుడవడమే. దేవసూగూరులో ఏ వస్తువును ఎక్కడ పెట్టినా పొద్దుటికి దాని మీద బొగ్గు కరెంటు ప్లాంటు బూడిద పల్చగా పరుచుకుని ఉంటుంది. దానికి చెమట చెయ్యి తోడైతే ఇనుముకు తుప్పు తప్పదు. అందుకని ఆయన కాఫీ తాగగానే ఇంటి పక్క షెడ్డు తలుపు బార్లా తెరిచి, నూనెగుడ్డతో గోడ మీది స్పానర్లూ ఆకురాళ్లూ సుత్తులూ ఒక్కొక్కటే దించి తుడిచి, మళ్లీ తగిలిస్తాడు. సన్నటి కొలతలు తీసే వెర్నియర్‌కు మాత్రం మెత్తటి పాత ధోవతి గుడ్డ. ప్లాంటు కట్టిన కొత్తలో చేరి, లేత్ మిషన్ ముందు సగం జీవితం నిలబడ్డ మనిషి. అది చాలదని షెడ్డులో చిన్న లేత్ ఒకటి పెట్టుకున్నాడు.

గోడ మీద ప్రతి సామాను చుట్టూ పసుపు రంగు గీత ఉంటుంది. ఎక్కడ తిరిగినా ఆ సామాను ఆ గీతలోకే రావాలి. వస్తుంది కూడా. ఎవరు అడిగి తీసుకుపోయినా, దీపాలు పెట్టేవేళకు ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. ఎందుకు తెచ్చారో వాళ్లకే తెలియదు. గోరేబాళ ఊరికి పోయిన పెద్ద స్పానర్ వడ్ల లారీలో తిరిగొచ్చింది. ఒకసారి డ్రిల్ బిట్ల పెట్టె దొంగతనం జరిగితే, ఆ దొంగే దాన్ని తెచ్చిచ్చి మంచినీళ్లు తాగి పోయాడు. ఊళ్లో ఎవరికీ ఇది పెద్ద మాట కాదు. మోటార్లు బాగుచేసే తాయప్ప మాత్రం "పొద్దుగూకితే రావుసాబ్ స్పానర్ ఆగదు" అని పని తొందరగా ముగించుకుంటాడు. కాకపోతే సామాను గీతకు సరిగ్గా సరిపోవాలి. సాన పట్టీ పట్టీ పొట్టిదైపోయిన ఉలి ఒకటి పోయి మళ్లీ రాలేదు. గీత మార్చి గీయకపోవడం తన తప్పేనని వెంకోబరావు చాలా రోజులు నొచ్చుకున్నాడు.

ఆ రోజు చేతులు తుడుస్తున్నాయి గానీ మనసు రైల్లో ఉంది. కూతురు వర్షిణి పొద్దున్నే హుబ్లీ బయల్దేరింది. రోజూ రాయచూరు పోయి వస్తూ డిప్లొమా చదివి, అక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం తెచ్చుకుంది. చేరడానికి పోవడం ఇది మూడోసారి. మొదటిసారి బస్సు సింధనూరు దగ్గర చెడిపోయి, తెలిసినవాళ్ల జీపులో ఇంటికొచ్చింది. రెండోసారి గుంతకల్లులో బండి మారి, ఒక కునుకు తీసి కళ్లు తెరిస్తే రాయచూరు స్టేషన్. రెండుసార్లూ దీపాలవేళకు పెట్టెతో గుమ్మంలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. వెంకోబరావు మండిపడ్డాడు. "పోవాలని నీ మనసుల ఉంటే ఏ బండైనా పోతది" అన్నాడు. రేపు పొద్దున చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామని ఫ్యాక్టరీవాళ్లు ఖచ్చితంగా చెప్పేశారు.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని, మధ్యాహ్నం కొత్త రెంచీలకు గోడ మీద చోటు చూద్దామనుకున్నాడు. ఖాళీగా మిగిలింది తలుపు వెనక గోడ ఒక్కటే. పగలంతా తలుపు దాన్ని కప్పే ఉంటుంది, మూసేది చీకటి పడ్డాక. ఇన్నేళ్లలో ఆయన ఆ గోడను చూసిన పాపాన పోలేదు. తలుపు లాగి మూసి, దీపం వేసి తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే కొయ్యబారిపోయాడు.

గోడ మీద మనిషి గీత. తల, భుజాలు, వేలాడే చేతులు. దాని లోపల కాస్త చిన్న గీత, దాని లోపల ఇంకా చిన్నది, అలా లోపలికి పోగా పోగా, అన్నిటికన్నా లోపల రెండు జడల చిన్నపిల్ల గీత. అన్నీ పసుపు రంగే. బయటిది కొత్తగా మెరుస్తోంది. ఏటేటా రంగు డబ్బా ముందే అయిపోతుంటే అంగడివాణ్ణి తిట్టుకునేవాడు. బస్సు చెడిపోవడం, కునుకు పట్టడం, పిల్ల ఇన్నేళ్లుగా ఒక్క రాత్రి కూడా బయట పడుకోకపోవడం, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి.

"వసంతా!"

ఆ కేకకు భార్య వసంతలక్ష్మి తడి చేతులతో పరుగెత్తుకొచ్చి, తలుపు తోసి, గోడ ముందున్న ఆయన్ని చూసి ఆగిపోయింది.

"ఏందిది? కన్నబిడ్డకు గిట్ల గీత గీస్తరా ఎవరన్నా? అది స్పానరా?" అన్నాడు వెంకోబరావు.

"గుడి తేరునాడు పిల్ల తప్పిపోలేదా?" అంది ఆమె. "ఐదేండ్ల పిల్ల. దొరికేదాంక కృష్ణ గట్టెంబడి ఉరికిన. నీళ్లల్ల చూసిన, పడవలల్ల చూసిన. మీరు డ్యూటీల ఉంటిరి. దొరికిన దినమే తెచ్చి ఈడ నిలబెట్టిన."

"మరి తక్కినవి?"

"పిల్ల పెరిగె కదా. బట్టలకు కొలత అని ఏటేటా సుద్దతో గీసి, పిల్ల అవతలికి పోయినంక రంగు పూసిన." ఆమె లోపలి చిన్న గీత మీద అరచెయ్యి ఆనించింది. "మీరు ఇనుప సామానుకు గీతలు గీసుకుంటిరి. నాకున్నది ఒక్కతే."

కోపం రావాలి, రాలేదు. ఆనాడే ఆమె అడిగి ఉంటే తానే గీసిచ్చేవాడేమో అనిపించి వెంకోబరావుకు భయమేసింది.

"బండి ఇప్పుడు గుంతకల్లుల ఉంటది. మల్ల తిరిగొస్తే పిల్ల ఇంక లేవదు వసంతా." కిరసనాయిలు సీసా అందుకున్నాడు. వసంతలక్ష్మి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. వదలదేమో అనుకున్నాడు. కానీ ఆమె గుడ్డ లాక్కుని, "నేను గీసిన, నేనే తుడుస్త" అంది.

బయటి గీత నుంచి మొదలుపెట్టింది. ఏడుస్తూనే తుడిచింది. పాత రంగు ఊడనిచోట ఆయన గరుకు కాగితంతో రుద్దాడు. చివరికి ఐదేళ్ల గీత మిగిలింది. దాని దగ్గర ఆమెకు చెయ్యి ఆడలేదు.

"ఇదొక్కటి ఉండనీయండి. దీనికి ఇప్పుడు సరిపోయేటోళ్లు ఎవరున్నరు?"

ఆయన గరుకు కాగితం కింద పెట్టేశాడు.

సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. వీధి మలుపులో ఎవరు కనబడ్డా వర్షిణేమోనని లేచి చూస్తున్నారు. దీపం పెట్టేవేళకు తాయప్ప వచ్చాడు. ఒక చేతిలో పొద్దున తీసుకుపోయిన స్పానర్. రెండో చేతిని ఒక చిన్నపిల్ల పట్టుకుని ఉంది. రెండు జడలు, ఎర్ర లంగా, సగం కొరికిన బత్తాసు.

"గుడికాడ నా చెయ్యి పట్టుకున్నది రావుసాబ్. ఎందుకు తెచ్చిన్నో నాకే తెల్వదు" అని, స్పానర్ అరుగు మీద పెట్టి తన దారిన పోయాడు.

వెంకోబరావు వంగి పిల్లను దగ్గరగా చూశాడు. ఆ లంగా అంచు కుట్టు ఒకచోట వంకర పోయింది. ఆ వంకర కుట్టు ఆనాడు తేరు తొందరలో వసంతలక్ష్మి వేసిందే.

"ఎంతసేపు ఎతికిన్నో నీకోసం" అని పిల్ల తల్లి మీద కోపం చేసింది. "ఆకలైతుంది."

వసంతలక్ష్మి పిల్లను ఎత్తుకుని వంటింట్లోకి పోయింది. అన్నం కలిపేవేళకు లోపల ఫోను మోగింది. వెంకోబరావు పోయి ఎత్తాడు.

"నాన్నా, హుబ్లీ చేరిన! బండి ఏడా ఆగలే, నాకు నిద్ర గూడ రాలే!" వర్షిణి సంతోషం పట్టలేక అరుస్తోంది. "ఇంటున్నవా?"

"ఇంటున్న బిడ్డా. నిన్ను ఊరికే తిట్టిన. తప్పు నీది కాదు."

"పోనీ నాన్నా. అమ్మ ఏం చేస్తుంది?"

వెంకోబరావు వంటింటి వైపు చూశాడు.

"నీకు బువ్వ తినిపిస్తుంది" అన్నాడు.

వర్షిణి ఉద్యోగం నిలబడింది. సెలవు దొరికినప్పుడు వచ్చి, చిన్నదానికి జడలు వేసి పోయేది. ఊళ్లో ఎవరూ ఏమీ అడగలేదు. మరుసటి ఏడు తేరుకు చిన్నదాని లంగా పొట్టిదైంది. కొలత అనగానే తానే షెడ్డులోకి ఉరికి, తలుపు మూసి, గోడకు ఆనుకుని నిలబడింది. తల గీతను దాటి నాలుగు వేళ్లు పైకి వచ్చింది. పసుపు రంగు డబ్బా మూత తీసి పక్కనే ఉంది. వసంతలక్ష్మి ఆ నాలుగు వేళ్ల ఎత్తును చూసి, డబ్బాకు మూత బిగించింది.

"గోడ వద్దు బిడ్డా, ఇట్ల రా" అని తలుపు తెరిచి, ఎండలోకి తీసుకుపోయి, టేపుతో కొలిచింది.